అర్జీ – మంజూరు

ఈ వార్షిక సంచికకు ఏదైనా వ్రాసి ఇవ్వవలసిందని కళాశాల కార్యవర్గం వారు కోరినప్పుడు, నేను రచయితను కానని చెప్పి తప్పుకోజూచాను. తరువాత ఆలోచించగా ఉద్యోగకాలమంతా నేను వ్రాస్తూనే ఉన్నానని తోచింది. అయితే నేను వ్రాసినవి కథలు కావు, పద్యాలు కావు, అర్జీలు. పాఠశాలకు గది కావాలనీ, పుస్తకాలకు బీరువా కావాలనీ, పిల్లలు రాత్రి పడుకొనడానికి చోటు కావాలనీ వ్రాసిన దరఖాస్తులు. వాటిలో చాలా భాగం ఏ కార్యాలయపు బీరువాలోనో ఇప్పటికీ నిద్రిస్తూ ఉండవచ్చు. కొన్ని మాత్రం మంజూరైనవి. ఆ కొన్నింటి సంగతి చెబుతాను. విద్యార్థినీ విద్యార్థులారా, మీలో పలువురు రేపు డి.ఎస్సీ. వ్రాసి ఉపాధ్యాయులు కాబోతున్నారు. పాఠం చెప్పే పద్ధతిని శిక్షణ కళాశాలలో నేర్పుతారు. పాఠం చెప్పడానికి కావలసిన గోడనూ కప్పునూ సంపాదించే పద్ధతిని మాత్రం ఏ శిక్షణ కళాశాలా నేర్పదు.

నా మొదటి అర్జీ నాగర్‌కర్నూలు ప్రాంతంలో పనిచేస్తున్న రోజులలోనిది. మా పాఠశాలలో పుస్తకాలు ఒక గోనెసంచిలో ఉండేవి. వాటికి ఒక బీరువా, మరికొన్ని పుస్తకాలు కావాలని నా సంకల్పం. రెండు రాత్రులు కూర్చొని మూడు పుటలు వ్రాశాను. విద్య లేనివాడు వింత పశువని ఆరంభించి, సరస్వతీ కటాక్షాన్ని స్మరించి, గ్రంథాలయోద్యమ ప్రాశస్త్యాన్ని వర్ణించి, భావిభారత పౌరుల మీద ముగించాను. తోటి ఉపాధ్యాయులకు చదివి వినిపించగా వారు ‘ఆహా’ అన్నారు. మూడు మాసాలు గడిచినవి, జవాబు లేదు. చివరకు స్వయంగా వెళ్ళి విచారించగా అక్కడి గుమాస్తా నా కాగితం వెదకి తీసి, ఎంతో మర్యాదగా, "పంతులుగారూ, మీ తెలుగు చాలా బాగున్నది. ఇంతకూ మీకేమి కావాలి?" అని అడిగాడు. అతడిది వెటకారం కాదు. మూడు పుటలలో బీరువా అన్న మాట ఒక్కసారే వచ్చింది. అది ఎంత ఎత్తుదో, వెల ఎంతో, ఎన్ని పుస్తకాలు కావాలో, వాటిని చదివేవారు ఎందరో ఎక్కడా లేదు.

ఇది మా నేల గుణమేమోనని ఒక్కోసారి అనుకొంటాను. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానాలకు ఎక్కడెక్కడి కవులో నడిచి వచ్చి, ప్రభువులను మెప్పించి, వార్షికాలు పొందిపోయేవారు. తిరుపతి వేంకట కవులంతటివారు ఈ ఆస్థానాలను దర్శించినవారే. అడగడమంటే పొగడడమేనన్న సంస్కారం ఈ గాలిలో ఉన్నది. కాని ప్రభువుకు చెవులుండేవి. కార్యాలయానికి గడులు మాత్రమే ఉంటవి.

తరువాత వనపర్తి ప్రాంతానికి బదిలీ అయినాను. ఒకనాటి సంస్థానాధీశుల ప్రాసాదం పాలిటెక్నిక్ కళాశాలకు నెలవైన పట్టణం అది. మా పాఠశాలలో తెలుగు మాధ్యమంతో పాటు ఉర్దూ మాధ్యమపు తరగతులు కూడా ఉండేవి. ఉర్దూ బోధించే పెద్దాయనను మేమందరమూ ‘మాస్టర్ సాబ్’ అని పిలిచేవారము. ఒకనాడు ఆయన నా అర్జీ చిత్తుప్రతి చూచి నవ్వి, తమ నాయనగారి కాలంలో అర్జీ ‘గరీబ్ పర్వర్’ అన్న సంబోధనతో మొదలయ్యేదని చెప్పారు. పేదలను పోషించేవాడా అని దాని అర్థం. మన ‘మహారాజశ్రీ’కి అది అన్నగారు.

"పంతులుగారూ, మీరు తెలుగులో వ్రాశాననుకొంటున్నారు. కాని ఇందులో అసలు మాటలన్నీ మావే," అన్నారాయన. నిజమే. అర్జీ, దరఖాస్తు, మంజూరు, రద్దు, జమ, ఖర్చు, బాకీ, రసీదు, నకలు. ఈ మాటలు లేకుండా తెలుగువాడు ఒక్క పైసా అడగలేడు, ఒక్క పైసాకు లెక్క చెప్పలేడు. ఆ సాయంత్రం ఆయన నాకు మూడు మాటలకు అర్థం చెప్పారు. అర్జ్ అంటే ఎదుట ఉంచడం, విన్నవించడం. దర్‌ఖాస్త్‌లో ఉన్నది కోరిక. ఇక మంజూరు నజర్ అన్న మాటకు చుట్టం. నజర్ అంటే చూపు. మంజూరైనదంటే చూడబడినది, చూపునకు ఆనినది. "మీరు మీ కోరికను మూడు పుటలు వ్రాశారు. ఎదుట ఏమీ ఉంచలేదు. ఉంచనిదానిని వారు ఎట్లా చూస్తారు?" అన్నారు మాస్టర్ సాబ్. ఉర్దూ, తెలుగు రెండు భాషలూ ఒకే ప్రాంగణంలో వినిపించే ఈ కళాశాల సంచికలో ఆ మాట వ్రాయగలగడం నాకు సంతోషంగా ఉన్నది.

అప్పుడు మాకు కావలసింది గది కప్పు మరమ్మతు. ఇద్దరమూ కలిసి పది పంక్తులు వ్రాశాము. మూడవ గది కప్పు రెండుచోట్ల కారుతున్నది. వాన పడిన రోజున ఆ గదిలోని ఉర్దూ తరగతి పిల్లలూ, పక్క గదిలోని తెలుగు తరగతి పిల్లలూ ఒకే వరండాలో వీపుకు వీపు ఆనించుకొని కూర్చుంటున్నారు. ఉపాధ్యాయులిద్దరూ ఒకే సమయంలో రెండు భాషలలో పాఠం చెప్పవలసి వస్తున్నది. గడచిన జూలైలో అట్లా పదకొండు రోజులు జరిగింది. అంతే. దేశాభివృద్ధి ప్రసక్తి లేదు. నెల తిరుగకముందే ఇంజనీరు వచ్చి, మొదట ‘ఆ వరండా ఏది?’ అని అడిగాడు. కప్పు మంజూరైంది.

ఇక గద్వాల ప్రాంతపు కథ. నేను చెప్పదలచిన అసలు సంగతి ఇదే.

2006లో నేను అక్కడి ఒక గ్రామ పాఠశాలలో పనిచేస్తున్నాను. ఆ ప్రాంతపు బడికి ఏటా రెండు గండాలు. మొదటిది సీడు పత్తి. సంకర విత్తనం తయారు కావాలంటే సాయంకాలం మొగ్గను విప్పి కేసరాలు తీసివేయాలి. మరునాటి ఉదయం మగపూవు పుప్పొడిని దానికి అద్దాలి. ప్రతి మొగ్గకూ విడివిడిగా చేయవలసిన పని ఇది. దీనినే అక్కడ ‘క్రాసింగ్’ అంటారు. పిల్లల చిన్న వ్రేళ్ళు, తక్కువ కూలి ఈ పనికి అనువైనవని, ఆగస్టు నుండి రెండు మూడు మాసాలు బడి ఖాళీ అయ్యేది. రెండవ గండం వలస. దసరా దాటగానే గుంపు మేస్త్రీలు ఇచ్చిన అడ్వాన్సులు తీసుకొన్న ఆలుమగలు జోడీలుగా కాలువల పనులకు, కట్టడాల పనులకు దూర రాష్ట్రాలకు వెళ్ళేవారు. దేశంలో ఎన్ని ఆనకట్టలకు పాలమూరు కూలీలు రాళ్ళు మోశారో మీకు తెలియనిది కాదు. పిల్లలు వారి వెంట పోయేవారు. ఉగాదికో, పీర్ల పండుగకో తిరిగి వచ్చేవారు.

పాఠశాలల గణాంకాలకు ప్రమాణమైన తేదీ మాత్రం సెప్టెంబరు 30. అప్పటికి వలస మొదలు కాదు. అందరి పేర్లూ రిజిస్టరులో ఉంటవి. ఆ తేదీన చూస్తే మా బడికి ఏ కష్టమూ లేదు. కష్టం నవంబరులో వస్తుంది. నవంబరులో లెక్కించేవారు లేరు.

సర్వశిక్షా అభియాన్ క్రింద వలసపోయేవారి పిల్లల కొరకు సీజనల్ హాస్టళ్ళు నడిపే ఏర్పాటు ఒకటి ఉండేది. తల్లిదండ్రులు తిరిగి వచ్చేదాకా పిల్లలకు బడిలోనే భోజనం, పడక, రాత్రి కనిపెట్టుకొని ఉండే ఒక మనిషి. ఇటువంటి ప్రతిపాదనలు మండలం నుండి జిల్లా ప్రణాళికలోనికి, అక్కడినుండి రాష్ట్రానికి, ఢిల్లీ ఆమోదానికి వెళ్ళేవి. మాకొకటి కావాలని నోటితో అడిగినప్పుడు, "మన జిల్లాలో ఈ ఫిబ్రవరి నుండి ఉపాధి హామీ వచ్చింది గదా, ఇంకా వలసలెక్కడివి?" అన్న ప్రశ్న ఎదురైంది. సబబైన ప్రశ్నే. దానికి జవాబు నా వద్ద ఉన్నదనుకొన్నాను గాని, చూపడానికి ఏమీ లేదు.

డిసెంబరులో ఒక వారం రోజులు, సాయంకాలం పొయ్యిలు వెలిగే వేళ, నోటుపుస్తకం పట్టుకొని ఇల్లిల్లూ తిరిగాను. ఆ వేళనే ఎందుకంటే, పగలు తాళం ఉన్న ఇంటివారు చేనుకు పోయి ఉండవచ్చు. రాత్రి కూడా తాళం ఉంటే వారు ఊరిలో లేరన్నమాట. ముప్పది ఎనిమిది తాళాలు లెక్కించాను. ఏ ఇంటి పిల్లలు ఏ తరగతివారు, ఎక్కడికి పోయినారు, ఏ మేస్త్రీ వెంట, ఎప్పుడు పోయినారు, ఎప్పుడు వస్తారు అని ఇరుగుపొరుగువారిని అడిగి గడులు నింపాను. రిజిస్టరులో నూట పన్నెండుగురు. తల్లిదండ్రుల వెంట పోయినవారు ముప్పది నలుగురు. ఊరిలోనే ముసలివారి దగ్గర ఉండి, బడికి రానివారు పన్నెండుగురు. అంటే నిజంగా బడికి వస్తున్నవారు అరవై ఆరుగురు.

ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. అది మా చేతులారా చేసుకొన్నదే. పిల్లల సంఖ్య తగ్గితే ఉపాధ్యాయ పోస్టు ఒకటి ఎత్తివేస్తారన్న భయంతో, వలసపోయినవారికి కూడా అక్కడక్కడా హాజరు వేయడం మా బడిలో ఏళ్ళుగా ఉన్న అలవాటు. ఆ గీతలలో నా సిరా కూడా ఉన్నది. దీనిని మరొకరి మీద త్రోయను. నా లెక్కను ప్రధానోపాధ్యాయుల ముందు ఉంచగా ఆయన చాలాసేపు చూచి, "సార్, ఇది పోతే మన రిజిస్టరు అబద్ధమవుతుంది గదా," అన్నారు. "అవును పెద్దసారూ," అన్నాను. "ఇది పోకపోతే?" అని ఆయనే మళ్ళీ అడిగారు. నేనేమీ చెప్పలేదు. ఆయనకు పదవీ విరమణకు రెండేళ్ళు ఉన్నవి. సంఖ్యలు కొంచెం సవరించి, పదిమంది పోయినట్లు వ్రాస్తే రిజిస్టరూ నిలుస్తుంది, అర్జీ కూడా ఉంటుంది కదా అన్న ఆలోచన మా ఇద్దరికీ వచ్చిందని చెప్పడానికి సిగ్గుపడను. కాని పదిమంది కొరకు హాస్టలు ఎవరూ ఇవ్వరు. మరునాటి ఉదయం ఆయన వచ్చి, కాగితం అడిగి తీసుకొని, రిజిస్టరులో లోపాలున్నవనీ, ఇంటింటికీ తిరిగి తీసిన ఈ లెక్కయే సరియైనదనీ తామే ఒక వాక్యం చేర్చి సంతకం చేశారు. నేను జన్మలో చూచిన సాహసమంతా ఆ సంతకంలో ఉన్నది.

మొదట వచ్చినది హాస్టలు కాదు. సంజాయిషీ కోరుతూ మెమో. "మీ అర్జీ ఫలించింది సార్. మనకు మెమో మంజూరైంది," అని ఆయన నవ్వారు. జవాబు వ్రాశాము. జనవరి నుండి రిజిస్టరులో ఉన్నది ఉన్నట్లు వేశాము. విచారణకు వచ్చినవారే సాయంకాలందాకా ఉండి తాళాలు చూచి వెళ్ళారు. పోస్టు పోలేదు. 2007 దసరా తరువాత హాస్టలు మంజూరైంది, ముప్పది నలుగురికి.

రెండు తరగతి గదులలో చాపలు పరచి పిల్లలను పడుకోబెట్టినాము. మొదటి రాత్రి ఒకడు ఏడువగా, వాడిని చూచి పదిమంది ఏడ్చారు. ఆదివారాలు గుంపు మేస్త్రీ సెల్‌ఫోను నుండి తల్లులు మాట్లాడేవారు. ఒక తల్లి, "వాడు ఆడ తింటుండో లేదో అని ఈడ నాకు ముద్ద దిగుతలేదు సారూ," అన్నది. ఏప్రిల్‌లో పరీక్షలకు ముప్పది ఒక్కరు కూర్చున్నారు.

ఇప్పటి రీతులు వేరు. కాగితం పోయి కంప్యూటరు ఫారం వచ్చింది. ఎన్ని అక్షరాలు వ్రాయాలో అదే కొలుస్తుంది. నా మూడు పుటల సరస్వతీ స్తోత్రం అందులో పట్టదు, అదీ మంచిదే. సమగ్ర శిక్ష క్రింద ముప్పది మంది వరకు ఉన్న బడికి 10,000, వందలోపు 25,000, రెండు వందల యాభైలోపు 50,000 రూపాయలు అని నిర్ణయించారు. ఆ పైన 75,000. వెయ్యి దాటితే లక్ష. అందులో పదవ వంతుకు తగ్గకుండా పారిశుధ్యానికి ఖర్చు చేయాలి. ఇది అడుగకుండా రావలసినదే. అయితే ఆర్థిక సంవత్సరం చివర వచ్చి, మార్చి 31లోగా ఖర్చు చేయుమనే గుణం నిధులకు ఉన్నది. కనుక ఏమి కొనాలో ముందుగానే వ్రాసి పెట్టుకోండి. ఖర్చు చేసిన వెంటనే రసీదులతో వినియోగ ధ్రువపత్రం పంపండి. అది పంపనివాని తరువాతి అర్జీని ఎవరూ తెరువరు. ‘మన ఊరు – మన బడి’ 2022 మార్చి 8న మన వనపర్తిలోనే ఆరంభమైంది. పన్నెండు రకాల పనులు, 26,065 బడులు, 7,289 కోట్ల రూపాయల అంచనా. మొదటి విడతకు 9,123 బడులను ఎంచుకొన్నారు. ఇన్‌స్పైర్ మానక్‌లో ఎంపికైన విద్యార్థికి నమూనా తయారీకై 10,000 రూపాయలు ఇస్తారు. దానికి అర్జీ పెట్టేటప్పుడు ఎక్కడో చూచిన యంత్రాన్ని ఎత్తి వ్రాయకండి. మీ తరగతిలో ఒక పిల్ల తన ఇంటి కష్టానికి కనిపెట్టిన ఉపాయాన్ని ఆ పిల్ల మాటలలోనే వ్రాయండి.

ఈమధ్య ఒక యువ ఉపాధ్యాయుడు తన దరఖాస్తు నాకు చూపాడు. 2011 జనాభా లెక్కలలో నేటి జోగులాంబ గద్వాల జిల్లా అక్షరాస్యత 49.87 శాతమనీ, రాష్ట్రంలో అది కట్టకడపటిదనీ ఆరంభించాడు. నిజమే. కాని నాయనా, ఆ అంకె జిల్లాలోని ప్రతి బడికీ చెల్లుతుంది. నీ బడి అందులో ఎక్కడున్నది అని అడిగాను. తరువాతి ప్రతిలో అతడు తన ఆరవ తరగతిలో చేంతాడు వ్రాత చదువలేని తొమ్మిదిమందిని గురించి వ్రాశాడు.

హాస్టలు ముప్పది నలుగురికి అన్నాను. నేను అడిగినది నలభై ఆరుగురికి. ముసలివారి దగ్గర ఉండిపోయిన పన్నెండుగురి పేర్లను, సంరక్షకులు ఉన్నారన్న కారణంతో కొట్టివేశారు. కొట్టివేసినవారిది తప్పు కాదు. నా పట్టికలో ‘ఇంటివద్ద ఎవరు కలరు’ అన్న గడి ఒకటి ఉన్నది. దానిని గీసినది నేనే. ఆ గడిలో ‘అవ్వ కలదు’, ‘తాత కలడు’ అని నింపినది నేనే. లెక్క ఎంత వివరంగా ఉంటే అంత నమ్ముతారని అనుకొన్నాను, నమ్మారు.

ఆ పన్నెండుగురిలో అయిదవ తరగతి చదివే ఒక బాలిక ఉన్నది. హాస్టలు తెరచిన తరువాత, ఆమెను పగటి బడికైనా పంపుమని చెప్పడానికి వారి ఇంటికి వెళ్ళాను. అవ్వ గడపలో కూర్చొని, నా మాట వచ్చిన వైపునకు ముఖం త్రిప్పింది. "నాకు కండ్లు కానరావు బిడ్డా. పొయ్యిల నిప్పున్నదో లేదో దానికే ఎరుక. నేను దాన్ని సాకుతలేను, అదే నన్ను సాకుతున్నది," అన్నది. డిసెంబరులో నేను ఆ ఇంటికి పోయినప్పుడు చీకటి పడుతున్నది. అవ్వ గడపలోనే ఉన్నది. నేను వీధిలోనే నిలిచి, వ్రాసుకొని, పక్క ఇంటికి పోయినాను.

మరుసటి ఏడు పట్టికలో ‘ఎవరు ఎవరిని చూచుకొనుచున్నారు’ అని ఒక గడి చేత్తో గీసి చేర్చాను. ముద్రిత ఫారంలో లేదని దానిని తీసివేశారు. ఆ తరువాతి ఏడు మళ్ళీ గీశాను. ఈసారి ఒక్కొక్కరిని గురించి రెండేసి వాక్యాలు విడి కాగితం మీద జతపరచాను. పన్నెండుగురిలో ఏడుగురికి మంజూరైంది. ఆ బాలిక పేరు కూడా అందులో ఉన్నది. అప్పటికి ఆమె రెండు సీజన్లుగా క్రాసింగ్ పనికి పోతున్నది. మంజూరు కాగితం పట్టుకొని చేనికి వెళ్ళాను. ఆమె మొగ్గలు విప్పుతున్న చేతిని ఆపకుండానే, "అవ్వకు బువ్వ ఎవరు పెడతరు సారూ?" అని అడిగింది.

ఆ నోటుపుస్తకం నా దగ్గరే ఉన్నది. ఆ పుటలో ‘అవ్వ కలదు’ అన్న రెండు మాటలు నా దస్తూరిలో గుండ్రంగా, స్పష్టంగా ఉన్నవి.